కుట్లు విప్పేదాకా: ఆపరేషన్ అయిన కుక్కని ఇంట్లో చూసుకోవడం ఎలా

ఆపరేషన్ అయిన కుక్కని ఇంటికి తెచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ మేలుకుని కూర్చుంటారు. నాలుగో రోజుకి అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. తేడా వచ్చేది అక్కడే. మొదటి రాత్రి అది పడుకోబెట్టిన చోటే పడి ఉంటుంది. నాలుగైదు రోజులకి నొప్పి తగ్గి, ఆకలి పుట్టి, తోక ఊపుకుంటూ సోఫా ఎక్కబోతుంది. పైన చర్మం అతుక్కున్నట్టే ఉంటుంది, లోపలి కండరం పొర మాత్రం ఇంకా దారం బలం మీదే నిలబడి ఉంటుంది. కుట్లు ఊడటం, గాయం కింద నీరు చేరడం ఎక్కువగా మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్యనే జరుగుతాయి. బాగైపోయినట్టు కనిపించే కుక్కని బాగయ్యేదాకా ఆపడమే మీ అసలు పని.

ఇక్కడ ముఖ్యంగా చెప్పేది ఆడకుక్కకి గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఎక్కువ మందికి ఎదురయ్యేది అదే. పొట్ట మీద జరిగే మిగతా ఆపరేషన్లకీ చాలావరకు ఇదే పద్ధతి. ఎముకల ఆపరేషన్‌కి కొన్ని తేడాలున్నాయి, వాటిని విడిగా చెబుతాం.

ముందు రోజే ఇల్లు సర్దుకోండి

బెంగళూరు ఇళ్లలో నేల గ్రానైటో, విట్రిఫైడ్ టైల్సో. మత్తు దిగని కుక్క ఆ నున్నటి నేల మీద లేవబోతే వెనక కాళ్లు రెండూ చెరో పక్కకి జారిపోతాయి. ఆ ఒక్క జారుడు పొట్ట మీది కుట్లని లాగేస్తుంది. పిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్లు గానీ, పాత యోగా మ్యాట్లు గానీ, రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు గానీ తెచ్చి, పడక దగ్గర్నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి గుమ్మం దాకా దారిలా పరచండి. ఉత్త దుప్పటి పరిస్తే అదే జారుతుంది.

పడక నేల మీదే ఉండాలి, మంచం మీద వద్దు. పలచటి పాత పరుపు మీద తెల్ల దుప్పటి వేయండి. పువ్వులూ గళ్లూ ఉన్న దుప్పటి మీద పసుపు నీరు కారినా, రెండు చుక్కలు నెత్తురు పడినా తెలియదు. తెల్లదాని మీద రూపాయి బిళ్లంత మరక కూడా పొద్దున్నే కనిపిస్తుంది. సోఫా మీద కుర్చీలు బోర్లించి పెట్టండి. కొంచెం చిందరవందరగా కనిపిస్తుంది, పదిహేను రోజులు ఓర్చుకోండి.

కాలింగ్ బెల్ తీసేయించండి. రోజుకి నాలుగైదు డెలివరీలు వచ్చే ఇంట్లో బెల్ మోగిన ప్రతిసారీ కుక్క ఎగిరి గుమ్మం మీద పడుతుంది. "బెల్ కొట్టొద్దు, వస్తువు బయట పెట్టి ఫోన్ చేయండి" అని కన్నడలోనూ ఇంగ్లీషులోనూ రాసి తలుపుకి అంటించండి. ఆపరేషన్ మనం ఎంచుకున్న రోజున చేయించేదైతే దీపావళి వారమూ, వినాయక నిమజ్జనం డప్పులు మోగే రోజులూ వదిలేసి పెట్టుకోండి. టపాకాయకి బెదిరిన కుక్కని ఎవరూ పట్టుకోలేరు.

ఇంకో సంగతి. రాత్రి పూట తెరిచి ఉండే జంతువుల ఆసుపత్రి మీ ఇంటికి ఏది దగ్గరో ముందే కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోండి. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కదా అనుకుంటారు, వైట్‌ఫీల్డ్ నుంచి సాయంత్రం ఆరింటికి బయల్దేరితే చేరడానికి గంట దాటుతుంది. మీ వైపు ఏది ఉందో, అది రాత్రంతా నిజంగానే తెరిచి ఉంటుందో లేదో ఒకసారి ఫోన్ చేసి అడగండి.

ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు

డాక్టర్ గారిని కొన్ని తప్పకుండా అడిగి కాగితం మీద రాయించుకోండి: ఈ రోజు నొప్పి ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు, తర్వాతి మాత్ర ఎన్నింటికి వేయాలి, బయటి కుట్లు విప్పేవా కరిగిపోయేవా, మళ్లీ ఎప్పుడు చూపించాలి. నొప్పి ఇంజెక్షన్ వేళ తెలియక, ఇంటికి రాగానే మాత్ర కూడా వేసేసి డోసు రెట్టింపు చేసేవాళ్లున్నారు. కట్టు కట్టే సహాయకులు కన్నడలోనే మాట్లాడితే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి: కుట్టుని హొలిగె అంటారు, చీముని కీవు అంటారు, వాపుని ఊత అంటారు. గాయం, వాంతి, రక్తం ఇటూ అటూ ఒకటే.

కారులోకి ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ముందు కాళ్ల వెనక ఛాతీ కిందుగా, రెండో చెయ్యి తొడల వెనక నుంచి పిరుదుల కిందుగా పెట్టి, వీపు వంగకుండా ఒక పళ్లెం ఎత్తినట్టు ఎత్తండి. చంకల్లో చేతులు వేసి చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తితే బరువంతా వేలాడి కుట్ల మీద పడుతుంది. పాతిక కిలోలు దాటిన కుక్కని ఒక్కరే ఎత్తకండి, మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు చెరో వైపు పట్టుకోండి.

మొదటి రాత్రి

మత్తులో ఒంటి వేడి పడిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు గ్రానైటు నేల మనుషుల పాదాలకే చల్లగా తగులుతుంది, ఇక కుక్క వణకదా! పైన పలచటి దుప్పటి కప్పండి, ఫ్యాను తగ్గించండి. వేడినీళ్ల సీసా నేరుగా ఒంటికి ఆనించకండి. మత్తులో ఉన్న కుక్క వేడి కాలుతున్నా పక్కకి జరగలేదు.

కొన్ని కుక్కలు ఆ రాత్రి సన్నగా ఏడుస్తూనే ఉంటాయి. అదంతా నొప్పి కాదు, కొంత మత్తు దిగేటప్పటి అయోమయం. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి, లైటు తగ్గించండి. ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టి ఉంటారు కాబట్టి ఒకటి రెండు రోజులు పొడి దగ్గు రావచ్చు. మత్తులో ఉన్నప్పుడు మనవాళ్లనే గుర్తుపట్టక కరిచే ప్రమాదం ఉంది, చిన్నపిల్లల్ని మొహం దగ్గర మొహం పెట్టనివ్వకండి.

తల నిలబెట్టి చూస్తేనే నీళ్లివ్వండి. మొదట నాలుగు గుటకలు, అరగంట ఆగి మళ్లీ నాలుగు. గిన్నె నిండా పెడితే గటగటా తాగి వాంతి చేసుకుంటుంది. నీళ్లు ఇమిడితే రాత్రికి మామూలుగా తినేదాంట్లో నాలుగో వంతు పెట్టండి: మెత్తగా ఉడికించిన అన్నం, ఎముకలు తీసి ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం. తినకపోతే బలవంతం చేయకండి. ఒకసారి వాంతి అయితే కంగారు లేదు. మళ్లీ మళ్లీ అవుతుంటే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

పడుకునే ముందు రెండు చూడండి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప కొంచెం లాగి లోపలి రంగు చూడండి. రెండోది ఊపిరి. నిద్రపోతున్నప్పుడు ఛాతీ పైకి లేవడం ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి, ముప్పై లోపు ఉండాలి.

గాయాన్ని ఎలా చూడాలి

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయండి. వాపు పెరిగిందా తగ్గిందా అని కంటికి తెలియకపోయినా నిన్నటి ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపడానికీ అదే పనికొస్తుంది.

గాయం అంచులు రెండూ ఒకదానికొకటి ఆనుకుని, సన్నటి గీతలా ఉండాలి. కొద్దిగా ఎరుపు, కొద్దిపాటి వాపు, చుట్టూ ఊదా రంగులో కమిలిన మచ్చ మామూలే. మొదటి రోజు నీళ్లలాంటి గులాబీ చుక్కలు ఒకటి రెండు పడొచ్చు. రెండో రోజు తర్వాత తడి ఉండకూడదు.

గాయం కింద నొక్కితే నీళ్ల సంచిలా మెత్తగా కదిలే వాపు కనిపిస్తే, కుక్క ఎక్కువ గెంతిందన్నమాట. తెగిన పొరల మధ్య ఖాళీలో ఒంటి నీరు చేరుతుంది. నొప్పి, వేడి లేకపోతే చాలావరకు రెండు మూడు వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. సూది గుచ్చి తీయాలని ఇంట్లో ప్రయత్నిస్తే శుభ్రంగా ఉన్న నీటిలోకి మనమే సూక్ష్మక్రిముల్ని పంపినట్టు. డాక్టర్‌కి చూపించండి, కదలికలు ఇంకా తగ్గించండి.

గాయానికి ఏమీ రాయకండి. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద, డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఏదీ వద్దు. పసుపు రాస్తే ఎరుపు కనపడదు, పైగా కుక్క దాన్ని నాకడానికి వస్తుంది. డెటాల్, పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాల్నే కాల్చేస్తాయి. పౌడరు చల్లితే తడితో గడ్డకట్టి దాని కిందే చీము పడుతుంది. డాక్టర్ తుడవమంటేనే, వాళ్లు చెప్పిన మందుతోనే తుడవండి.

వానాకాలంలో ఈగల సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. తడిగా ఉన్న గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులవుతాయి. చిన్న తెల్ల నూక గింజల్లాంటివి గుంపుగా వెంట్రుకలకి అంటుకుని కనిపిస్తే అవే. అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాల్కనీలో పడుకోనివ్వకండి, పగలు కూడా దోమతెర వేయండి. పడక చుట్టూ ఫినాయిల్‌తో తుడవకండి, దాని ఘాటు కుక్కకి పడదు, పాదాలకంటినది నాకుతుంది కూడా. వేడినీళ్లతో తుడిస్తే చాలు.

కోన్

కుక్క నాకితే గాయం మానుతుందన్నది ఇప్పటికీ చాలామంది నమ్మకం. నాలుక గరుకు కుట్లని వదులు చేస్తుంది, నోట్లోని సూక్ష్మక్రిములు గాయంలోకి చేరతాయి. పది నిమిషాలు నాకితే చాలు, కుట్టు విప్పేయగలదు.

అందుకే మెడకి కోన్, అంటే గరాటు లాంటి కాలర్ తొడగాలి. దాని అంచు ముక్కు చివర దాటి రెండు మూడు వేళ్లంత బయటికి ఉండాలి. ముక్కు బయటికొస్తే అది గాయాన్ని అందుకున్నట్టే. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి. గాలి నింపే ట్యూబ్ కాలర్ చూడ్డానికి సుఖంగా ఉంటుంది కానీ, పొడుగు మూతి ఉన్న కుక్క దాన్ని దాటి పొట్ట దాకా వంగగలదు. తొడిగాక పక్కనే కూర్చుని ఒక గంట చూస్తే మీకే తెలుస్తుంది.

మొదటి రోజు గోడలకి గుద్దుకుంటుంది, కదలకుండా నిలబడి మీ వంక దీనంగా చూస్తుంది. ఆ చూపుకి కరిగి తీసేయకండి. రెండో రోజుకి అలవాటు పడుతుంది. అన్నం తినేటప్పుడు తీయొచ్చు, మీరు పక్కనే ఉండాలి, తిన్న వెంటనే మళ్లీ పెట్టాలి. గిన్నెని చిన్న పీట మీద ఎత్తులో పెడితే కోన్‌తోనే తింటుంది, కొన్ని కుక్కలకి అదే సులువు. లోపలి వైపు చొంగ, మెతుకులు అంటుకుని వాసనేస్తుంది. రోజూ తుడిచి, మెడ చుట్టూ ఒరుసుకుపోయిందేమో చూడండి.

పొట్ట మీది గాయమైతే కోన్‌కి తోడు పాత కాటన్ టీషర్టు వేయొచ్చు. తల దూరే చోట తల, చేతులు దూరే చోట ముందు కాళ్లు. నడుము దగ్గర మిగిలిన బట్టని వీపు మీద ముడేయండి. తడిస్తే వెంటనే మార్చాలి. మగకుక్కకి మూత్రంతో తడుస్తూనే ఉంటుంది, దానికి చొక్కా వద్దు.

మందులు

మనుషుల నొప్పి మాత్రలు కుక్కకి వేయకూడదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ సొంతంగా వద్దు. కాలేయం, కిడ్నీలు, పొట్ట దెబ్బతింటాయి. "ఇదే మందు కదా, మనింట్లోనూ ఉంది" అనుకునేది మెలాక్సికమ్ అనే నొప్పి మందు విషయంలో. కుక్కకి సాధారణంగా మొదటి రోజు కిలో బరువుకి 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి 0.1 మిల్లీగ్రాము రాస్తారు. అంటే పది కిలోల కుక్కకి రెండో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము. మనుషుల చిన్న మాత్ర 7.5 మిల్లీగ్రాములు. ఒక్క మాత్రతో ఏడున్నర రెట్లు పడుతుంది. మీ కుక్కకి ఎంత, ఎన్నాళ్లు అనేది డాక్టర్ రాసిందే, ఈ లెక్కతో మీరే వేయకండి.

నొప్పి మందు అన్నం తిన్నాకే వేయాలి. తినకపోతే వేయకుండా డాక్టర్‌ని అడగండి. విరేచనం తారులా నల్లగా ఉంటే పొట్టలో నెత్తురు కారుతోందని అర్థం, మందు ఆపి వెంటనే ఫోన్ చేయండి. దురదకో అలర్జీకో ముందునుంచే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. నొప్పి మందూ స్టెరాయిడూ కలిస్తే పొట్టలో పుండ్లు పడతాయి.

యాంటీబయాటిక్ ఇస్తే గాయం బాగుందని మధ్యలో ఆపొద్దు. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండు వేయొద్దు. మాత్ర మింగించడానికి ఇడ్లీ ముక్క చక్కటి ఉపాయం: తుంచి, మధ్యలో మాత్ర పెట్టి వేళ్లతో నొక్కి మూసేయండి. ముందు ఉత్త ఇడ్లీ ఉండ ఒకటి, తర్వాత మాత్రది, వెంటనే చేతిలో ఇంకోటి చూపించండి. మూడోదాని ఆత్రంలో రెండోది నమలకుండా మింగేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి అయితే పెరుగులో, చీజ్‌లో, పనీర్‌లో పెట్టకండి. కాల్షియం వాటిని పట్టేసి ఒంటికి అందనివ్వదు. మనుషుల సిరప్‌లు కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి ఉంటుంది, అది కుక్కకి విషం.

తిండి, మూత్రం, విరేచనం

రెండో రోజు నుంచి మామూలు తిండే, చిన్న చిన్న పూటలుగా. తిరుగుడు లేదు కాబట్టి మొత్తం మీద పావు వంతు తగ్గించండి. పోపు లేని పెరుగన్నం పెట్టొచ్చు. సాంబారు అన్నం వద్దు, అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లి వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాల్ని చిట్లగొడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ సంగతి సరేసరి.

మూత్రం ఒక రోజు లోపు పోయాలి. విరేచనం మాత్రం మూడు నాలుగు రోజులు రాకపోవచ్చు. ముందు రోజు పస్తు ఉంది, మత్తు మందులకి పేగు నెమ్మదిస్తుంది. ముక్కుతూ కూర్చుంటే పది కిలోల కుక్కకి ఉడికించి మెదిపిన గుమ్మడికాయ ఒక పెద్ద చెంచా అన్నంలో కలపండి.

గెంతే కుక్కని ఆపడం

పది నుంచి పద్నాలుగు రోజులు పరుగు లేదు, మెట్లు లేవు, సోఫా లేదు, ఇంకో కుక్కతో ఆట లేదు. బయటికి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, పని కానిచ్చి వెనక్కి. బెల్టు నాలుగడుగులు మించకుండా చేతికి చుట్టుకోండి. అపార్ట్‌మెంట్ గేటు బయట వీధి కుక్కలుంటాయి, అవి ఎదురుపడని వేళ చూసుకోండి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఇంకో కుక్క కనిపిస్తే అది ఎగరడం ఖాయం, అందుకని లోపల మీరు తలుపు వైపు, అది మీ వెనక.

ఇంట్లో దానికి ముక్కు పని ఇవ్వండి. పాత తువ్వాలు పరిచి, గుప్పెడు గింజల తిండి చల్లి, చుట్టచుట్టి ఇవ్వండి. విప్పుకుంటూ వాసన చూస్తూ పావుగంట గడుపుతుంది, పావుగంట నడకకన్నా ఎక్కువ అలిసిపోతుంది. పెరుగుని ప్లాస్టిక్ మూత మీద పలచగా రాసి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి నాకనివ్వండి. నాకుడు కుక్కని నెమ్మదింపజేస్తుంది. అన్నీ చేసినా ఆగకపోతే సంకోచించకుండా డాక్టర్‌ని అడగండి, నెమ్మదిగా ఉంచే మాత్రలు రాస్తారు. కుట్లు ఊడి రెండోసారి మత్తివ్వడం కన్నా అది నయం.

కాలి ఎముక ఆపరేషన్ అయితే

ఇక్కడ లెక్క రోజుల్లో కాదు, వారాల్లో. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పేదాకా బెల్టు లేకుండా వదలకూడదు, ఇంట్లో కూడా. మొదటి మూడు రోజులు డాక్టర్ సరేనంటే, ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున రోజుకి మూడు సార్లు కాపండి. లేచేటప్పుడు, నడిచేటప్పుడు పొట్ట కింద తొడల ముందుగా తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుని కొంచెం బరువు మీరు మోయండి. పొట్ట కోసిన కుక్కకి ఈ పని ఎప్పుడూ చేయకూడదు.

కట్టు ఉంటే కింద బయటికి కనిపించే మధ్య వేళ్లు రెండూ రోజుకి రెండుసార్లు చూడండి. మామూలుగా వాటి గోళ్లు ఆనుకుని ఉంటాయి. కట్టు బిగుసుకుని పాదం వాస్తే ఆ గోళ్లు విడిపోతాయి, వేళ్లు చల్లబడతాయి. ఉదయం ఇలా కనిపించి సాయంత్రం చూద్దాంలే అనుకుంటే చర్మం చచ్చిపోవచ్చు. వానలో బయటికెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవరు తొడగండి, లోపలికి రాగానే తీసేయండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. తడిసిన కట్టుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకండి, మార్పించండి.

ఆగకుండా పరిగెత్తాల్సినవి

చిగుళ్లు తెల్లబడి, పొట్ట ఉబ్బుతూ, కుక్క నీరసంగా పడిపోతే లోపల నెత్తురు కారుతోందని అనుకోవాలి. పొద్దున్న దాకా ఆగొద్దు. గాయం నుంచి నెత్తురు ఆగకుండా కారినా, చీము పట్టి వాసనేసినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా, మూత్రం రాకపోయినా అంతే. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరులో 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటితే, 99 కన్నా తగ్గితే ఫోన్ చేయండి.

గాయం తెరుచుకుని లోపలి కొవ్వు గానీ పేగు గానీ బయటికొస్తే లోపలికి తోయకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, పైన తువ్వాలు వదులుగా చుట్టి, కోన్ అలాగే ఉంచి బయల్దేరండి. దారిలో నీళ్లు కూడా పట్టకండి, మళ్లీ మత్తివ్వాల్సి వస్తుంది.

కుట్లు విప్పాక

విప్పేది పది నుంచి పద్నాలుగో రోజు మధ్య, అదీ డాక్టర్ చేత్తోనే. స్నానం ఇంకో రెండు రోజులాగి. కోన్ ఆ రాత్రే పారేయకండి, దారం తీసిన చోట దురద పుట్టి నాకుతుంది, ఒకరోజు గమనించండి. నడక రోజుకి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ వారానికి మామూలుకి తెండి. మగకుక్కకి వృషణాలు తీయిస్తే, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాల పాటు పిల్లలు పుట్టించగలదు. ఒకటిన్నర నెల దాకా ఎదకొచ్చిన ఆడకుక్కకి దూరంగా ఉంచండి.

గొరిగిన పొట్ట మీద వెంట్రుకలు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా మిట్టమధ్యాహ్నం ఎండలో వెల్లకిలా పడుకోనివ్వకండి. గీత చివర చర్మం కింద బఠాణీ గింజంత గట్టి ముడి వేలికి తగలొచ్చు. అది లోపలి కుట్టు ముడి, దారం రకాన్ని బట్టి కరగడానికి రెండు నెలల నుంచి ఆరు నెలలు పడుతుంది. వారం వారం తడిమి చూస్తూ ఉండండి. పెరిగినా, ఎర్రబడినా, తడి వచ్చినా చూపించండి.